విదేశీ పెట్టుబడి వస్తే విశాఖ మేస్త్రికి ఏం మిగులుతుంది?

విశాఖపట్నంలో 1 గిగావాట్ సామర్థ్యం గల డేటా సెంటర్ల సముదాయం నిర్మిస్తామని, అందుకోసం 2026 నుంచి 2030 వరకు 5 ఏళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెడతామని గూగుల్ సంస్థ 2025 అక్టోబరు 14న ఢిల్లీలో ప్రకటించింది. ఆనాటి నుంచి మా ఊళ్లో ఎవరిని కదిపినా రెండు ప్రశ్నలే వినిపిస్తున్నాయి. ఆనందపురం వైపు గజం ఎంత పలుకుతోంది? మన పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు వస్తాయి? రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఈ రెంటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఇంత పెట్టుబడితో మొట్టమొదట జరిగేది కట్టుబడి పని. ఆ పని ఎవరు చేస్తారు, అందులో ఎంత డబ్బు ఇక్కడ తిరుగుతుంది, పని పూర్తయి పెద్ద కాంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్లిపోయాక ఇక్కడి మేస్త్రికి, ఇక్కడి చిన్న కాంట్రాక్టరుకు, ఇక్కడి ఇంజనీరుకు అంతకుముందు రాని పని ఏదైనా వచ్చి ఉంటుందా అన్నది ఆ ప్రశ్న.

నేను సివిల్ ఇంజనీరుని. నగరంలో అపార్ట్‌మెంట్లు కట్టేవారితోనూ, అచ్యుతాపురం వైపు ఫ్యాక్టరీ షెడ్లు కట్టే సబ్ కాంట్రాక్టర్లతోనూ పని చేస్తూ వచ్చాను. విదేశీ పెట్టుబడిని వ్యతిరేకించేవారితో నేను ఏకీభవించను. ప్రకటించిన అంకెను చూసి పండగ చేసుకునేవారితోనూ ఏకీభవించలేను. వర్ధమాన దేశాల నిర్మాణ రంగానికి సంబంధించినంత వరకు ఎంత పెట్టుబడి వచ్చిందన్న దానికంటే అది ఏ రూపంలో వచ్చింది, ఏ షరతుల మీద వచ్చింది అన్నదే ముఖ్యమని, ఆ షరతులను భూమి చేతులు మారకముందే రాసుకోవాలని నా నమ్మకం.

విశాఖకు ఈ అనుభవం కొత్త కాదు. 1933లో ప్రారంభమైన మన ఓడరేవును కట్టించింది ఒక బ్రిటిష్ రైల్వే కంపెనీ, బెంగాల్ నాగపూర్ రైల్వే. తూర్పు తీరంలో తొలి చమురు శుద్ధి కర్మాగారాన్ని 1957లో ఇక్కడ నెలకొల్పింది అమెరికాకు చెందిన కాల్‌టెక్స్. 1970ల చివరలో అది ప్రభుత్వపరమై హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. అమెరికన్ సంస్థలూ, మద్రాసు ప్యారీ కంపెనీ కలిసి స్థాపించిన కోరమాండల్ ఎరువుల కర్మాగారం 1967లో పని మొదలుపెట్టింది. ఉక్కు కర్మాగారం కథ వేరు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశాక, 1979లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక, 1992లో పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసే నాటికి అందులో విదేశీ వాటాదారు అంటూ ఎవరూ లేరు. వచ్చింది సాంకేతిక సహకారం. యాజమాన్యం మాత్రం మనదే. అయినా గాజువాక చుట్టుపక్కల ఒక తరం వెల్డర్లు, ఫిట్టర్లు, బరువైన సామాను ఎత్తి అమర్చే రిగ్గర్లు, కాంక్రీటు మేస్త్రీలు తయారైంది ఆ కర్మాగారం కట్టిన కాలంలోనే. వారి పిల్లలు ఈరోజు గల్ఫ్ దేశాల రిఫైనరీలలో షట్‌డౌన్ పనులకు, అంటే కర్మాగారాన్ని కొన్నాళ్లు ఆపి చేసే మరమ్మతులకు, వెళ్తున్నారంటే దానికి మూలం అక్కడే ఉంది.

దీనికి పక్కనే పెట్టి చూడవలసిన ఉదాహరణ మరొకటి ఉంది. ఆర్.ఆర్. వెంకటాపురంలో 1960ల తొలినాళ్ల నుంచీ ఉన్న హిందుస్థాన్ పాలిమర్స్ కర్మాగారాన్ని దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ సంస్థ 1997లో కొనుగోలు చేసింది. లెక్కల్లో అది కూడా విదేశీ ప్రత్యక్ష పెట్టుబడే. కాని ఉన్న కర్మాగారం చేతులు మారడం వల్ల కొత్త పునాదులు పడవు, కొత్త పని పుట్టదు. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి వెలువడిన స్టైరీన్ ఆవిరి 12 మందిని బలి తీసుకున్న సంగతి ఈ ఊళ్లో ఎవరూ మరచిపోలేదు. ఒకప్పుడు ఊరికి దూరంగా ఉన్న ఆ కర్మాగారం గోడ దాకా ఇళ్లు కట్టుకుంటూ వెళ్లడానికి దశాబ్దాల పాటు అనుమతులు ఎలా వచ్చాయన్నది పెట్టుబడి విధానానికీ, నిర్మాణ విధానానికీ ఉమ్మడి ప్రశ్న. పరిశ్రమకు అనుమతి ఇచ్చే శాఖ ఒకటి, దాని చుట్టూ లేఅవుట్లకు అనుమతి ఇచ్చే శాఖ మరొకటి అయినప్పుడు, ఆ రెండూ ఒకే పటం ముందు కూర్చుని మాట్లాడుకోకపోతే నష్టపోయేది ఆ గోడ పక్కన నిద్రపోయే మనుషులు. డేటా సెంటర్ల కోసం తర్లువాడ దగ్గరైనా, రాంబిల్లి దగ్గరైనా ఇప్పుడు భూములు సేకరిస్తున్నప్పుడు ముందుగా గుర్తు రావలసింది ఇదే.

నిర్మాణ రంగంలోకి నేరుగా వచ్చే విదేశీ పెట్టుబడికి మన దేశంలో తలుపులు పూర్తిగా తెరుచుకున్నది 2005 మార్చిలో. టౌన్‌షిప్పులు, గృహ నిర్మాణం, వాణిజ్య భవనాలలో నూటికి నూరు శాతం విదేశీ పెట్టుబడిని ముందస్తు అనుమతి అవసరం లేని మార్గంలో అప్పుడే అనుమతించారు. అంతకుముందు టౌన్‌షిప్‌కు కనీసం 100 ఎకరాలు ఉండాలన్న నిబంధనను 25 ఎకరాలకు తగ్గించారు. భవనాలైతే కనీసం 50,000 చదరపు మీటర్లు కట్టాలన్నారు. తెచ్చిన డబ్బును 3 ఏళ్లపాటు వెనక్కి తీసుకోకూడదన్నారు. 2014లో ఆ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు తగ్గింది, 2015 నవంబరులో విస్తీర్ణం షరతూ, కనీస పెట్టుబడి షరతూ రెండూ పోయాయి. ఒక్క నిషేధం మాత్రం నేటికీ ఉంది. భూమిని కొని, ఏమీ కట్టకుండా, ధర పెరిగాక అమ్ముకునే వ్యాపారంలోకి విదేశీ డబ్బు రాకూడదు. ఇది చాలా మంచి నియమమని నా అభిప్రాయం. భీమిలి రోడ్డు పొడవునా లేఅవుట్ల బోర్డులు చూసినవారెవరైనా ఈ మాట ఒప్పుకుంటారు.

ఇన్ని తలుపులు తెరిచినా వచ్చింది తక్కువే. 2000 ఏప్రిల్ నుంచి 2024 మార్చి వరకు మన దేశానికి వచ్చిన విదేశీ ఈక్విటీ పెట్టుబడిలో టౌన్‌షిప్పులు, ఇళ్లు, భవనాల నిర్మాణానికి వచ్చింది సుమారు 4 శాతం. రోడ్లు, వంతెనల వంటి మౌలిక నిర్మాణాలకు వచ్చింది సుమారు 5 శాతం. సేవలకూ, సాఫ్ట్‌వేర్‌కూ వచ్చిన దానితో పోలిస్తే ఇది చిన్న వాటా. దీనికి కారణాలు వెతకడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. భూమి హక్కుల పత్రాలలో చిక్కులు, ఒక్కో అనుమతికి ఒక్కో కార్యాలయం, కోర్టు వ్యాజ్యాలు అందరికీ తెలిసినవే. అంతగా చర్చకు రాని కారణం రూపాయి విలువ. కట్టిన ఇంటిని ఓడలో ఎక్కించి ఎగుమతి చేయలేం కాబట్టి దాని మీద వచ్చే రాబడి రూపాయల్లోనే ఉంటుంది. 2005లో డాలరు 44 రూపాయల దరిదాపుల్లో ఉండేది, 2025 చివరికి అది 90 రూపాయల దగ్గరకు చేరింది. అంటే ఆ రోజు డాలర్లు తెచ్చి ఇక్కడ పెట్టినవారు తమ అసలును అలాగే కాపాడుకోవడానికే రూపాయల్లో దాన్ని రెట్టింపు చేయాలి. అంత రాబడి ఇచ్చేది ఖరీదైన ఫ్లాట్లూ, కార్యాలయ భవనాలే తప్ప ఆటోనగర్‌లో పనిచేసే ఫిట్టరు కొనుక్కోగల రెండు గదుల ఇల్లు కాదు. విదేశీ పెట్టుబడి పేదల ఇళ్ల కొరత తీరుస్తుందని చెప్పేవారు ఈ లెక్క వేసి చూడాలి. ఆ పని ప్రభుత్వ ధనంతో, తక్కువ వడ్డీ రుణాలతో జరగవలసిందే.

పైగా వచ్చిన డబ్బంతా కొత్తగా కట్టడానికే వచ్చిందని అనుకోలేం. ఇప్పటికే పూర్తయి అద్దెలు వస్తున్న కార్యాలయ భవనాలను కొనడానికి వచ్చేది గణనీయంగానే ఉంటుంది. 2019లో మన స్టాక్ మార్కెట్‌లో నమోదైన తొలి రీట్ (అద్దెలు వచ్చే భవనాల మీద వాటాలు అమ్మే సంస్థ) వెనుక ఉన్నది అమెరికాకు చెందిన బ్లాక్‌స్టోన్ సంస్థ. ఇందులో తప్పేమీ లేదు. కట్టినవాడి డబ్బు బయటపడి మరో భవనానికి ఉపయోగపడవచ్చు. కాకపోతే సెంట్రింగ్ పనివారికి అందులో ఒక్క రోజు కూలి కూడా పుట్టదు.

ఇక డేటా సెంటర్ సంగతి. బయటి నుంచి చూస్తే అది పెద్ద గోదాములా ఉంటుంది. దాని ఖర్చులో గోడల వాటా తక్కువ, లోపల పెట్టే సర్వర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, జనరేటర్లు, చల్లబరిచే యంత్రాలకు అయ్యే వాటా ఎక్కువ. వాటిలో చాలా భాగం దిగుమతి అవుతుంది. అందువల్ల 1500 కోట్ల డాలర్లు విశాఖలో ఖర్చవుతాయని అనుకోవడం పొరపాటు. విశాఖలో నెలకొల్పే ఆస్తి విలువ అంత అవుతుందని అనుకోవడం సబబు. ఇక్కడ నిజంగా ఖర్చయ్యేది భూమి చదును చేయడం, పునాదులు, కాంక్రీటు, ఉక్కు చట్రాలు, రోడ్లు, మురుగు కాలువలు, సబ్‌స్టేషన్లు, కేబుల్ కందకాల మీద. అది కూడా చిన్న మొత్తం కాదు. అందులో ఇక్కడివారికి దక్కే వాటా ఎంత అన్నది కాంట్రాక్టుల గొలుసు మీద ఆధారపడి ఉంటుంది.

ఆ గొలుసు సాధారణంగా ఇలా సాగుతుంది. యజమాని సంస్థ ఒక ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ కన్సల్టెంటును పెట్టుకుంటుంది. మొత్తం పని ఒకే ప్యాకేజీగానో, రెండు మూడు ప్యాకేజీలుగానో దేశస్థాయి కాంట్రాక్టరుకు వెళ్తుంది. ఆయన దాన్ని విడగొట్టి సబ్ కాంట్రాక్టర్లకు ఇస్తారు. వారు లేబర్ కాంట్రాక్టరును పిలుస్తారు. ఆయన ముఠాలను, అంటే కలిసి పనిచేసే కూలీల జట్లను, తెస్తాడు. ఊచలు వంచి కట్టేవారికి టన్ను రేటు, సెంట్రింగ్ వారికి అడుగు రేటు. పైనుంచి వచ్చిన రేటు ఒక్కొక్క మెట్టు దగ్గర కొంత తరిగి, చివర నిలబడ్డ మనిషికి చేరేసరికి అడ్డా మీద దొరికే రోజు కూలికి అటూ ఇటూగా ఉంటుంది. ఇక స్థానిక కాంట్రాక్టరు నేరుగా పైమెట్టు ఎక్కాలంటే అర్హత నిబంధనలు అడ్డం వస్తాయి. మన ప్రభుత్వ టెండర్లలో సాధారణంగా ఉండే నియమం ప్రకారం గత 7 ఏళ్లలో అంచనా విలువలో 80 శాతం మేర ఉన్న అటువంటి పని ఒకటైనా, 60 శాతం మేర ఉన్నవి రెండైనా, 40 శాతం మేర ఉన్నవి మూడైనా చేసి ఉండాలి. ప్రైవేటు యజమానులు ఇంకా ఎక్కువే అడుగుతారు. పెద్ద పని చేస్తే గాని పెద్ద పని ఇవ్వరు, ఇస్తే గాని చేయడం కుదరదు.

అయినా విదేశీ యజమాని ఉన్న సైటులో పని చేయడం వల్ల వచ్చే లాభం ఒకటి ఉంది, దాన్ని నేను కళ్లారా చూశాను. మనది సముద్ర తీరం. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం తీర వాతావరణానికి నేరుగా గురయ్యే కాంక్రీటును తీవ్ర పరిస్థితుల్లో ఉన్నట్టు లెక్కగట్టాలి, బలంలో కనీసం ఎం30 గ్రేడు కాంక్రీటు వాడాలి, ఊచకు బయట 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవర్ ఉండాలి. ఆ కవర్ నిలవాలంటే స్లాబ్ వేసే ముందు ఊచల జాలి కింద కవర్ బ్లాకులు పెట్టాలి. మన ఊళ్లో చిన్న ఇళ్ల దగ్గర జరిగేది ఏమిటంటే, చేతికి దొరికిన కంకర రాయి ఊచ కిందకు తోస్తారు. కాంక్రీటు తట్టలు మోసేవారు జాలి మీద నడిచేటప్పుడు ఆ రాయి పక్కకు జారిపోతుంది, ఊచ వెళ్లి సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటుంది. రేకులు విప్పాక కింద నిలబడి పైకి చూస్తే ఊచ గీత కనిపిస్తుంది. దాని మీద సిమెంటు పూసి కప్పేస్తారు. ఉప్పుగాలి ఊరుకోదు. కొన్నేళ్లకు తుప్పు పట్టి ఊచ ఉబ్బి, స్లాబ్ పెచ్చులుగా ఊడిపోతుంది. పాండురంగాపురం నుంచి ఎంవీపీ కాలనీ దాకా పాత అపార్ట్‌మెంట్ల బాల్కనీల అడుగు భాగం ఒకసారి తలెత్తి చూడండి.

మధురవాడలో ఒక రెండంతస్తుల ఇంటి పని చూడడానికి వెళ్లినప్పుడు, ఊచలు కట్టే మేస్త్రి ఒక చెక్క చట్రంలో సిమెంటు, ఇసుక ముద్ద పోసి, అది ఆరకముందే తాపీతో గళ్లుగా కోసి, ఒక్కొక్క గడిలో రెండు పోగుల బైండింగ్ తీగ గుచ్చుతూ కనిపించాడు. పక్కనే నీళ్ల తొట్టెలో అంతకుముందు చేసిన బిళ్లలు నానుతున్నాయి. ఇంటి యజమాని అడిగిన పని కాదది, నేను గీసిన డ్రాయింగులో కవర్ మందం రాసి ఉన్నా దాన్ని చదివేవారు అరుదు. ఎక్కడ నేర్చుకున్నావు మేస్త్రీ అని అడిగాను. "అచ్యుతాపురంలో టైర్ల కంపెనీ కట్టినప్పుడండీ బాబూ. అక్కడ రాయి పెడితే ఒప్పుకోరు. కట్టిందంతా విప్పించి మళ్లీ కట్టమంటారు, ఆ కూలి మనకి రాదు. రెండుసార్లు విప్పితే మూడోసారి మనమే బిళ్లలు చేసుకుంటాం" అన్నాడు. విజయనగరం జిల్లా నుంచి వచ్చిన ఆ మనిషికి ఎవరూ శిక్షణ తరగతి పెట్టలేదు, ధ్రువపత్రం ఇవ్వలేదు. కచ్చితంగా తనిఖీ చేసే సైటులో పనిచేయడమే ఆయనకు శిక్షణ అయింది. ఆ బిళ్లలు ఇప్పుడు మధురవాడలో ఒక మధ్యతరగతి ఇంటి ఆయుష్షు పెంచుతున్నాయి. విదేశీ పెట్టుబడి వల్ల సాంకేతిక జ్ఞానం విస్తరిస్తుందని అర్థశాస్త్ర పుస్తకాలు చెప్పేది నిజమైతే, అది నిజమయ్యేది ఇదిగో ఇలా.

అయితే ఇది దానంతట అది జరుగుతుందని వదిలేస్తే సరిపోదు. ఈ విషయంలో చైనా నుంచి నేర్చుకోదగింది ఉంది. 1980లలో యునాన్, గుయిజౌ సరిహద్దులో లుబుగె జలవిద్యుత్ కేంద్రాన్ని ప్రపంచ బ్యాంకు రుణంతో కట్టేటప్పుడు, ఆ రుణం షరతుగా సొరంగం పనికి అంతర్జాతీయ టెండరు పిలవవలసి వచ్చింది. జపాన్‌కు చెందిన తైసెయ్ సంస్థ అంచనా కంటే 43 శాతం తక్కువకు కోట్ చేసి 1984లో పని దక్కించుకుంది. ఆ సంస్థ తన దేశం నుంచి తెచ్చుకున్నది 30 మంది దాకా నిర్వాహకులను మాత్రమే. కార్మికులు 400 మందికి పైగా స్థానిక ప్రభుత్వ నిర్మాణ సంస్థకు చెందిన చైనావారే. అదే కార్మికులు, అదే కొండ. మారింది పని అప్పగించే తీరు, వేగానికి తగ్గ కూలి, యంత్రాల నిర్వహణ, రోజువారీ లెక్క. సొరంగం ఎంత వేగంగా సాగిందో చూసి చైనా నిర్మాణ సంస్థలన్నీ ఉలిక్కిపడ్డాయి. ఆ దేశ ప్రభుత్వం దాన్ని అవమానంగా తీసుకుని కప్పిపుచ్చలేదు. తన సంస్థల పని పద్ధతినే మార్చుకోవడానికి దాన్ని పాఠంగా వాడుకుంది. ఆ తర్వాతి తరంలో ఆఫ్రికాలో రైలు మార్గాలు, శ్రీలంకలో ఓడరేవులు కట్టే స్థాయికి చైనా కాంట్రాక్టర్లు చేరారు. అది విదేశీ వాటాదారు తెచ్చిన పెట్టుబడి కాదు, రుణం మీద వచ్చిన కాంట్రాక్టు. అయినా విదేశీ సంస్థ సన్నిధి నుంచి ఒక వర్ధమాన దేశం రాబట్టుకోగల గరిష్ఠ ప్రయోజనం ఏమిటో అది చూపిస్తుంది.

మన దేశంలోనూ ఇటువంటి ఉదాహరణలు లేకపోలేదు. నేడు మన నిర్మాణ రంగంలో అగ్రస్థానంలో ఉన్న లార్సెన్ అండ్ టూబ్రోను 1938లో బొంబాయిలో స్థాపించింది ఇద్దరు డెన్మార్క్ ఇంజనీర్లు. ఢిల్లీ మెట్రో తొలి దశ భూగర్భ పనులను జపాన్, కొరియా, ఐరోపా సంస్థలు మన సంస్థలతో జట్టుకట్టి చేశాయి. ఆ జట్లలో పనిచేసిన మన ఇంజనీర్లే తర్వాత ఇతర నగరాల మెట్రోలలో సొరంగాలు తవ్వించారు. హెల్మెట్ లేకుండా సైటులోకి అడుగు పెట్టనివ్వకపోవడం అన్న క్రమశిక్షణ మన పెద్ద సైట్లలో సాధారణం కావడంలో కూడా ఢిల్లీ మెట్రో పాత్ర పెద్దది.

ఇక పని చేసే మనుషుల గురించి. దేశంలో వ్యవసాయం తర్వాత అత్యధికులకు పని ఇచ్చేది నిర్మాణ రంగమే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరతరాలుగా హైదరాబాదుకు, చెన్నైకి, బెంగళూరుకు వలస వెళ్లేవారిలో అధికులు కట్టుబడి పనికే వెళ్తారు. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోతే, మృతుల్లో మన ఉత్తరాంధ్ర వారు ఎందరో ఉన్నారు. ఆ శవపేటికలు పల్లెలకు చేరిన రోజులు నాకు బాగా గుర్తున్నాయి. అదే సమయంలో విశాఖలోని పెద్ద సైట్లకు కూలీలు ఒడిశా, బీహారు, బెంగాల్ నుంచి వస్తున్నారు. వారు రాకూడదని నేను అనను. మనవారు చెన్నైలో ఎలా బతకడానికి వెళ్లారో వారూ ఇక్కడికి అలాగే వచ్చారు. కాని తన జిల్లాలో పని జరుగుతున్నా తాపీ పట్టుకుని రైలెక్కవలసి రావడానికి కారణం, ఇక్కడి లేబర్ కాంట్రాక్టరు ముఠాను మొత్తంగా బయటి నుంచి తెచ్చుకుని షెడ్లలో ఉంచి పని చేయించుకోవడం సులువని భావించడమే. పరిశ్రమల ఉద్యోగాలలో 75 శాతం స్థానికులకు ఇవ్వాలని మన రాష్ట్రంలో 2019లో చట్టం తెచ్చారు. అప్పటి చర్చ అంతా ఫ్యాక్టరీ నడిచేటప్పుడు వచ్చే ఉద్యోగాల గురించే సాగింది. ఫ్యాక్టరీని కట్టేటప్పుడు వచ్చే పని గురించి ఎవరూ పట్టించుకోలేదు. డేటా సెంటర్ వంటి చోట కట్టే దశలో కావలసిన మనుషుల కంటే నడిపే దశలో కావలసినవారు చాలా తక్కువ కాబట్టి ఈ తేడా ఇంకా ముఖ్యం.

1996 నాటి చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో 1 శాతం కార్మికుల సంక్షేమం కోసం సెస్‌గా చెల్లించాలి. 2025 నవంబరులో అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతులలోనూ ఈ సెస్ కొనసాగుతోంది. ఇంత పెద్ద ప్రాజెక్టుల మీద 1 శాతం అంటే చెప్పుకోదగ్గ మొత్తం. కాని ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించి నమోదు చేసుకున్న కార్మికుడికే సంక్షేమ బోర్డు నుంచి ప్రయోజనాలు అందుతాయి. ముఠాలో పనిచేసే మనిషికి ఆ 90 రోజుల కాగితం ఎవరిస్తారు? యజమాని సంస్థకు అతని పేరు తెలియదు, ప్రధాన కాంట్రాక్టరుకు అవసరం లేదు, లేబర్ కాంట్రాక్టరుకు ఇష్టం ఉండదు. సైటు గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే యంత్రాలు ఉన్న ఈ రోజుల్లో ఆ హాజరునే నమోదుకు ఆధారంగా పంపడం ఏమంత కష్టమైన పని కాదు.

చిన్న కాంట్రాక్టర్ల బాధ మరొకటి. నాకు బాగా తెలిసిన గాజువాక కాంట్రాక్టరు ఒకాయన ఒక విదేశీ పెట్టుబడి ఉన్న ఫ్యాక్టరీకి ప్రహరీ గోడ, లోపలి కాలువలు కట్టారు. యజమాని సంస్థ ప్రధాన కాంట్రాక్టరుకు సకాలంలోనే చెల్లించింది. ప్రధాన కాంట్రాక్టరు మాత్రం కొలతల్లో తేడా ఉందని, పై బిల్లు సర్టిఫై కాలేదని నెలల తరబడి తిప్పించుకున్నాడు. రిటెన్షన్ కింద, అంటే పనిలో లోపాలు బయటపడితే సరిదిద్దించడానికి హామీగా, పట్టుకున్న సొమ్ము అదనం. ఈలోగా ఆయన ఇసుక లారీలవాళ్లకు, ముఠాకు చేబదులు తెచ్చి చెల్లించుకున్నారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం నమోదైన చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలి. చట్టం బలంగానే ఉంది. కాని కేసు వేసినవాడిని రేపు ఏ టెండరుకూ పిలవరన్న భయం చట్టం కంటే బలంగా ఉంది. విదేశీ సంస్థ పైమెట్టు మీద నిజాయితీగా చెల్లించినా కింది మెట్టు మీద ఈ తంతు సాగుతుంటే, ఆ పెట్టుబడి వల్ల స్థానిక కాంట్రాక్టరు బలపడకపోగా అప్పుల్లో పడతాడు.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా ఒప్పందాలు తిరగబడడం గురించి కూడా చెప్పుకోవాలి. బీచ్ రోడ్డులో లులు సంస్థకు కేటాయించిన 13 ఎకరాలకు పైగా భూమిని 2019లో రద్దు చేశారు, 2025లో మళ్లీ కేటాయించారు. అమరావతిలో సింగపూర్ సంస్థల కూటమితో చేసుకున్న స్టార్టప్ ప్రాంతం ఒప్పందం కూడా 2019లోనే రద్దయింది. భూమి ఎంతకు, ఏ విధానంలో ఇచ్చారన్నది ప్రజలు నిలదీయవలసిన విషయమే. హైదరాబాదులో రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ ఏపీఐఐసీ, దుబాయి ఎమ్మార్ సంస్థల ఉమ్మడి టౌన్‌షిప్‌లో ప్రభుత్వ వాటా తరిగిపోయిందన్న ఆరోపణల మీద 2011లో సీబీఐ కేసు నమోదు చేయవలసి వచ్చిందంటే, మొదట్లో అడగవలసిన ప్రశ్నలు అడగకపోవడమే కారణం. కేటాయింపుకు ముందే అన్నీ బహిరంగంగా చర్చిస్తే తర్వాత రద్దు చేయవలసిన అవసరం తగ్గుతుంది. రద్దయిన ప్రతిసారీ బ్యాంకు రుణం తెచ్చి కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటు పెట్టుకున్న స్థానికుడు మునుగుతాడు. విదేశీ సంస్థ మరో నగరానికి వెళ్తుంది.

అందుకే ఇప్పుడు రాబోతున్న ప్రాజెక్టుల విషయంలో, రాయితీలు ఇచ్చే ప్రభుత్వ ఉత్తర్వులోనే కొన్ని షరతులు రాయాలని నేను కోరుతున్నాను. ప్రహరీలు, లోపలి రోడ్లు, కాలువలు, కార్మికుల వసతి గృహాలు, కార్యాలయ భవనం వంటి పనులను ప్రధాన ప్యాకేజీ నుంచి విడదీసి ఉత్తరాంధ్ర కాంట్రాక్టర్లు అర్హత పొందగల పరిమాణంలో పిలవాలి. పెద్ద ప్యాకేజీలలో స్థానిక సంస్థను భాగస్వామిగా చేర్చుకున్న జట్లకు అర్హతలో ప్రాధాన్యం ఉండాలి. సరుకులు ఇక్కడే కొనాలని శాసించడానికి ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు ఒప్పుకోవు. పని నేర్పమని అడగడం మాత్రం వేరే విషయం. కాబట్టి ప్రతి సైటులోనూ ఊచ పని, సెంట్రింగ్, కాంక్రీటు, విద్యుత్ పనులలో స్థానిక యువకులను పనిలో పెట్టుకుని నేర్పించి, పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇప్పించాలి. అందుకు నిర్మాణ పనుల్లో శిక్షణ ఇచ్చే నిర్మాణ అకాడమీని, మన పాలిటెక్నిక్‌లను కలుపుకోవచ్చు. మధురవాడ మేస్త్రికి యాదృచ్ఛికంగా దక్కింది వందలమందికి పద్ధతి ప్రకారం దక్కాలి. కింది స్థాయి కాంట్రాక్టర్లకు 45 రోజుల్లో చెల్లించినట్టు రుజువు చూపితేనే ప్రధాన కాంట్రాక్టరు తదుపరి బిల్లు పాస్ కావాలి.

వీటిలో ఏదీ పెట్టుబడిదారును బెదరగొట్టేది కాదు. ఇంత పెట్టుబడి పెట్టే సంస్థకు ప్రహరీ గోడ ఎవరు కట్టారన్నది పెద్ద విషయం కాదు. ఆ సంస్థ తన సరఫరాదారుల ప్రవర్తనా నియమావళిలో కూలీల గురించి రాసుకున్న మాటలను ఇక్కడ అమలు చేయమని అడగడమే ఇది. షరతుల అమలు ఎలా ఉందో ఆరు నెలలకోసారి జిల్లా కలెక్టరు కార్యాలయం బయటపెట్టాలి: ఏ ప్యాకేజీ ఎవరికి వెళ్లింది, స్థానిక సంస్థల వాటా ఎంత, ఎందరు కార్మికులు సంక్షేమ బోర్డులో నమోదయ్యారు, ఎందరికి ధ్రువపత్రం అందింది. ఇంకా టెండరు పిలవని ప్రతి ప్యాకేజీకి ఈ షరతులు ఇప్పుడే చేర్చవచ్చు. పని ఒకసారి ప్రధాన కాంట్రాక్టరు చేతికి వెళ్లాక ఒక్క వాక్యం చేర్చాలన్నా ఆయన అదనపు రేటు అడుగుతాడని ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.